కళాకేంద్రం ఇళ్ళ సమస్య తలకెత్తుకోవాలా? (హ్యూస్టన్, ప్రాజెక్ట్ రో హౌసెస్)

గోదారిగట్టు:
హ్యూస్టన్‌లోని మా తెలుగు మిత్రబృందం ఈ ఏడాది ఒక స్థానిక సంస్థకు విరాళం ఇవ్వాలనుకుంటోంది. నల్లజాతివారి పాత పేట థర్డ్ వార్డ్‌లోని ప్రాజెక్ట్ రో హౌసెస్ పేరు ప్రస్తావనకు వచ్చింది. 1993లో ‘రిక్ లో’ అనే ఆయనతో సహా ఏడుగురు నల్లజాతి కళాకారులు, పాడుబడిన 22 చిన్న చెక్క ఇళ్ళను బాగుచేసి మొదలుపెట్టిన లాభాపేక్షలేని సంస్థ అది. కొన్ని ఇళ్ళలో సమకాలీన కళా ప్రదర్శనలు జరుగుతాయి, మరికొన్నింటిలో చదువుకుంటున్న ఒంటరి తల్లులు పిల్లలతో ఉంటారు. కళాకేంద్రం కళను చూసుకోవాలి, ఇళ్ళ సంగతి చూసే సంస్థలు వేరే ఉన్నాయి. రెంటినీ ఒకే గొడుగు కిందికి తెస్తే ఏదీ సవ్యంగా సాగదని నా అభిప్రాయం.

రాధ_పాలకొల్లు:
అయ్యా, ఆ సంస్థ పుట్టుకే మీ ప్రశ్నకు జవాబు. పేదల కష్టాలను బొమ్మలు గీసి చూపిస్తున్న ‘రిక్ లో’ గారిని ఒక హైస్కూలు విద్యార్థి, మా కష్టాలు మాకు తెలుసు, మీరు కళాకారులైతే పరిష్కారం ఎందుకు సృష్టించరని అడిగాడు. ఆయన ఆలోచన అక్కడే మలుపు తిరిగింది. పైగా ఆ ఇళ్ళను ఎంచుకోవడంలోనే కళ ఉంది. ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా నడవా లేకుండా గది వెనక గది, వీధివైపు మన అరుగులాంటి వరండా, ఒకదాని పక్కన ఒకటిగా వరుస. టెక్సాస్ సదరన్ విశ్వవిద్యాలయంలో కళాశాఖను స్థాపించిన జాన్ బిగర్స్ ఈ ఇళ్ళనే మళ్ళీ మళ్ళీ చిత్రించారు. ఆయన బొమ్మల్లో చూసిన వీధిని వీళ్ళు నేలమీద నిలబెట్టారు.

కోనసీమ_కుర్రాడు:
ప్రదర్శనలు చూడటానికి టికెట్టు లేదు. అది కూడా లెక్కలోకి తీసుకోండి.

గోదారిగట్టు:
రాధ గారూ, నేను అడిగింది చరిత్ర కాదు. ఇళ్ళ కొరత అంతగా ఉన్నచోట కొన్ని ఇళ్ళను ప్రదర్శనలకు వదిలేయడం న్యాయమేనా? ఆ గదుల్లోనూ తల్లీబిడ్డలు ఉండవచ్చు కదా? దీనికి సూటిగా జవాబు చెప్పండి.

పటచిత్రం:
నేను చేర్యాల ఒరవడిలో బొమ్మలు వేస్తాను. ఈ ఊళ్ళోనే ఒక గ్యాలరీవారు నా పటాలను తిరిగి చూడనైనా చూడకుండా, చేతిపనుల దుకాణానికి తీసుకెళ్ళమన్నారు. ఏది కళో ఎవరో నలుగురు తలుపులు మూసుకుని తేల్చే పద్ధతి మీద నాకు నమ్మకం పోయింది. అందుకే, ఇరుగుపొరుగు వారు పనిమీద వస్తూ పోతూ ఉండే వీధిలోనే ప్రదర్శన పెట్టే కేంద్రానికి నా ఓటు.

గోదారిగట్టు:
మీకు జరిగింది అన్యాయమే, కానీ నా ప్రశ్న ప్రదర్శనకు వాడుతున్న ఇళ్ళ గురించి. ఇప్పటికీ ఎవరూ జవాబు చెప్పలేదు.

రాధ_పాలకొల్లు:
చెబుతాను. ఆ నాలుగు గదులు ఖాళీ చేస్తే తీరే కొరత కాదది. అందుకే 2003లో రో హౌస్ సీడీసీ (కమ్యూనిటీ డెవలప్‌మెంట్ కార్పొరేషన్) అనే అనుబంధ సంస్థను పెట్టి, అందుబాటు అద్దెకు ఇళ్ళు కట్టించారు. రైస్ విశ్వవిద్యాలయం వాస్తుశిల్ప విద్యార్థులు వాటి నమూనాల మీద పనిచేశారు. 1939లో తెరిచిన ఎల్డొరాడో బాల్‌రూమ్, ఆ పేటవాసులు పాటకూ ఆటకూ చేరిన చోటు, 1999లో ఈ సంస్థ చేతికి వచ్చి, మరమ్మతుల తరువాత 2023లో మళ్ళీ తెరుచుకుంది. కళాకేంద్రమే లేకపోతే ఆ స్థలాల్లో ఈపాటికి నాలుగంతస్తుల టౌన్‌హౌసులు లేచేవి. మీరు కొన్న ఇల్లు కూడా అలాంటిదేనని విన్నాను.

గోదారిగట్టు:
నా ఇంటి ప్రస్తావన ఇక్కడికెందుకు? అవును, థర్డ్ వార్డ్‌లోనే కొన్నాను. కష్టార్జితంతో కొన్నాను, పన్ను కడుతున్నాను. వీధిని అందంగా, పేరున్నదిగా చేసి బయటివారి కళ్ళు అటు తిప్పింది మీరు మెచ్చుకునే కళే కదా? ధరలు పెరగడంలో దానికి పాలు లేదా? ఆ సంస్థ పత్రాల్లో ‘సముదాయం’ అన్నప్పుడల్లా అందులో నాలాంటివాడికి చోటుందో లేదో తెలియక మనసు కలుక్కుమంటుంది. నేను అక్కడివాణ్ణి కానా?

రాధ_పాలకొల్లు:
ఇది మొదటే అడిగి ఉంటే బాగుండేది. ఆ పేట నగర కేంద్రానికి పక్కనే ఉంది, రెండు విశ్వవిద్యాలయాలు ఆనుకుని ఉన్నాయి, ఏ స్థలంలో ఏమి కట్టాలో నిర్ణయించే జోనింగ్ చట్టం హ్యూస్టన్‌లో లేదు. కళ ఉన్నా లేకపోయినా భూమి మీద కన్ను పడేది. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపన్ను లేనందున ఇంటిపన్ను భారం ఎక్కువ, పక్కన కొత్త ఇల్లు లేచినప్పుడల్లా పాత ఇంటి విలువ పెరిగి, చాలీచాలని ఆదాయంతో బతికే పాత ఇంటి ఇల్లాలికి పన్ను పెరగవచ్చు. మీరు అక్కడివారే. కాకపోతే మీరు అమ్ముకుని వెళ్ళగలరు, ఆమెకు వెళ్ళడానికి మరో చోటు లేదు. కేంద్రం ముందు ఆమెవైపు నిలబడాలని నేనంటాను.

కోనసీమ_కుర్రాడు:
ఆ పేటలోని ఎమాన్సిపేషన్ పార్కు స్థలం బానిసత్వం నుంచి విముక్తులైనవారు 1872లో చందాలు వేసుకుని కొన్నది. భూమి విషయంలో వాళ్ళ పట్టుదలకు కారణం ఉంది.

గోదారిగట్టు:
కాదనను. అయినా నా డబ్బు నేరుగా ఇళ్ళ నిర్మాణానికే పోవాలి. రో హౌస్ సీడీసీకి ఇద్దామని ఆదివారం సమావేశంలో ప్రతిపాదిస్తాను.

రాధ_పాలకొల్లు:
బలపరుస్తాను. అయితే అది కళాకేంద్రం కడుపున పుట్టిన సంస్థ అని తీర్మానంలో రాయాలి.

గోదారిగట్టు:
అలా రాయడానికి నేను ఒప్పుకోను.