హెవీ క్రూడ్ (చిక్కటి ముడి చమురు) విస్కాసిటీ (చిక్కదనం) ఒక్కో ఆర్‌పీఎంకి (నిమిషానికి తిరిగే చుట్లు) ఒక్కోలా వస్తోంది, లెక్కలో ఏది వెయ్యాలి?

ఎంవీపీ_కుర్రోడు:
అందరికీ నమస్తే. వైజాగ్‌లో ఎంటెక్ చేస్తున్నా, ప్రాజెక్టు హెవీ క్రూడ్ పైప్‌లైన్ మీద. శాంపిల్ 17 ఏపీఐ (సాంద్రత కొలమానం, అంకె తగ్గేకొద్దీ నూనె బరువు). బ్రూక్‌ఫీల్డ్‌లో (విస్కాసిటీ కొలిచే మిషన్) స్మాల్ శాంపిల్ అడాప్టర్, 27 నంబర్ స్పిండిల్ (నూనెలో తిరిగే కడ్డీ) పెట్టి చూస్తే 30 డిగ్రీల దగ్గర 6 ఆర్‌పీఎంకి 4,800 సెంటీపాయిజ్ (విస్కాసిటీ యూనిట్) చూపిస్తోంది, 60 ఆర్‌పీఎంకి వచ్చేసరికి 2,900కి దిగిపోయింది, అదే 60 డిగ్రీలకి వేడి చేస్తే ఏ స్పీడ్‌లో అయినా దాదాపు 420. మర్నాడు ఆ బీకర్లోదే మళ్ళీ 30 దగ్గర పెడితే ఇంకా పెరిగింది. లైన్ 300 మిల్లీమీటర్ల డయా, 10 కిలోమీటర్లు, గంటకి 200 క్యూబిక్ మీటర్లు పోవాలి. ఏ నంబర్ పట్టుకోవాలి? మా బ్యాచ్‌లో ఒకడు యావరేజ్ తీసెయ్ అంటున్నాడు, ఇంకొకడు డ్రాగ్ రెడ్యూసర్ (పైపులో రాపిడి తగ్గించే పాలిమర్) కలిపేస్తే గొడవే ఉండదంటున్నాడు 😅

ల్యాబ్‌కోటు:
యావరేజ్ జోలికి పోకు తమ్ముడూ. నీ పైపులో నూనె ఎంత షియర్‌లో (పొరలు ఒకదాని మీద ఒకటి జారడం) నడుస్తుందో ముందు చూడు. నీ ఫ్లోకి వేగం సెకనుకి 0.79 మీటర్లు, దాన్ని 8తో గుణించి డయాతో (మీటర్లలో) భాగిస్తే షియర్ రేట్ సెకనుకి సుమారు 21 వస్తుంది. 27 స్పిండిల్‌కి షియర్ రేట్ అంటే ఆర్‌పీఎం ఇంటూ 0.34, అంటే 60 ఆర్‌పీఎం దగ్గర 20. అదృష్టం బాగుంది, 30 డిగ్రీలకి 2,900 వాడుకో. 4,800 అనేది నూనె మెల్లగా కదిలేటప్పటి సంగతి, దాన్ని తప్పు రీడింగ్ అని పారెయ్యకు, స్టార్టప్‌కి పనికొస్తుంది.
మర్నాడు పెరగడానికి మాత్రం బీకర్ మీదే నా అనుమానం. మూత లేకుండా వేడి చేస్తే లైట్ ఎండ్స్ (తేలిగ్గా ఆవిరయ్యే భాగాలు) ఎగిరిపోతాయి, మిగిలింది చిక్కబడుతుంది. సీసా మూత గట్టిగా బిగించి 60 దాటించి, ప్రతిసారీ ఒకే రేటులో చల్లార్చి అప్పుడు కొలువు, లేకపోతే పాత చల్లదనం తాలూకు వాక్స్ (మైనం) కట్టు లోపల ఉండిపోయి నిన్నటి రీడింగుకీ ఇవాళ్టి రీడింగుకీ పొంతనే ఉండదు. ఇంకోటి, 60 డిగ్రీల దగ్గర తక్కువ ఆర్‌పీఎంలో టార్క్ శాతం (స్పిండిల్ తిప్పే బలం మిషన్ గరిష్ఠంలో ఎంతో) ఎంతుందో చూశావా? 10 లోపు ఉంటే ఆ రీడింగ్ లెక్కలోకి తీసుకోకు.

మల్కాపురం_మాస్టారు:
నీళ్ళెంత ఉన్నాయో చూశారా ముందు? డీన్ అండ్ స్టార్క్ (నీటి శాతం కొలిచే పరీక్ష) చేసి చెప్పండి. నీళ్ళు ఎమల్షన్‌గా (సన్న బిందువులుగా) పట్టుకుని ఉన్నా విస్కాసిటీ పెరుగుతుంది, ఆర్‌పీఎంతో పాటు ఇలాగే మారుతుంది కూడా, అంతా వాక్స్ మీదకే తొయ్యకూడదు.

పంప్‌హౌస్_బాబాయ్:
ఏటంటే బాబూ, హెవీకీ వాక్సీకీ తేడా పట్టుకో ముందు. హెవీ అంటే ఆస్ఫాల్టీన్లూ రెజిన్లూ (బరువైన జిగట పదార్థాలు) ఎక్కువ, అది అనకాపల్లి బెల్లం పాకంలాంటిది, వేడి తగ్గేకొద్దీ సాగుతూ సాగుతూ చిక్కబడుద్ది. వాక్సీది అలాక్కాదు, పోర్ పాయింట్ (నూనె పారడం ఆగే ఉష్ణోగ్రత) దగ్గరికొచ్చేసరికి జెల్లై కూచుంటాది. రాజస్థాన్ మంగళ క్రూడ్ ఆ జాతే, అందుకే బాడ్మేర్ నుంచి గుజరాత్ దాకా లైన్ పొడుగునా వేడి చేసుకుంటూ తెస్తారు. అసలు హెవీ చూడాలంటే మెహసానా వైపు బలోల్, సంతాల్ ఫీల్డులు, అక్కడ ఓఎన్‌జీసీ వాళ్ళు భూమి లోపలే కొంత నూనె మండించి ఆ వేడికి మిగతాది కదిలేలా చేస్తారు.
లైన్ నడుస్తున్నంతసేపూ ఏ పేచీ లేదు. కరెంటు పోయి రాత్రంతా ఆగి పొద్దున్న స్టార్ట్ చెయ్యబోతేనే అసలు కథ, జెల్ తెగేదాకా ప్రెజర్ ఎక్కుతూనే ఉంటాది, ఫ్లో ఏమో సున్నా. మీ కుర్రాళ్ళు రిపోర్టులో ఆ ముక్క రాయరు, ఎందుకో మరి.

ఎంవీపీ_కుర్రోడు:
థాంక్స్ బాబాయ్, థాంక్స్ అన్నా. 2,900 వేస్తే కిలోమీటర్‌కి 8.1 బార్, మొత్తం 81 బార్ వచ్చింది 😳 420 తో అయితే 12 బార్ లోపే. మరి డ్రాగ్ రెడ్యూసర్ సంగతి?

ల్యాబ్‌కోటు:
వేస్ట్. 2,900 దగ్గర నీ రేనాల్డ్స్ నంబర్ (ప్రవాహం సుడులు తిరుగుతుందో లేదో చెప్పే అంకె) 80 కూడా లేదు, 420 దగ్గర కూడా 500 పైచిలుకే, రెండూ లామినారే (సుడులు లేని ప్రవాహం). ఆ పాలిమర్ పనిచేసేది టర్బులెన్స్ (సుడులు) మీద, అసలు టర్బులెన్సే లేని చోట అది ఏం తగ్గిస్తుంది? వేడి చెయ్యి, లేదంటే పల్చటిది కలుపు. కలిపేటప్పుడు విస్కాసిటీ సరళరేఖలో దిగదు, మొదట కలిపిన కొంచెమే బోలెడంత తగ్గిస్తుంది, తర్వాత కలిపేకొద్దీ ఫలితం పల్చబడుతుంది. కాబట్టి 5, 10, 15 శాతం విడివిడిగా చేసి గ్రాఫ్ గీసుకో. ఆ 12 బార్ కూడా లైనంతా 60 దగ్గరే ఉంటేనే, ఇన్సులేషన్ లేకపోతే చివరి కిలోమీటర్లలో లెక్క వేరే.

మల్కాపురం_మాస్టారు:
నాఫ్తా (పల్చటి పెట్రోలియం ద్రవం) కలుపుతానంటే ఓ జాగ్రత్త. అందులో పారాఫిన్లు ఎక్కువైతే ఆస్ఫాల్టీన్లు విడిపోయి ట్యాంకు అడుగున కూచుంటాయి. ప్రతి బ్లెండ్‌దీ ఒక చుక్క ఫిల్టర్ పేపర్ మీద వేసి ఆరనివ్వండి. మధ్యలో నల్లటి రింగు కట్టిందంటే ఆ బ్లెండ్ వద్దు, ఆరోమాటిక్స్ (బెంజీన్ జాతివి) ఎక్కువున్న కట్టర్‌తో (పల్చన చేసే నూనె) మళ్ళీ చేసి చూడండి.