రివర్సిబుల్ ఆడర్‌లో మిగిలిన చెత్త బిట్‌ను రీసెట్ చేయొచ్చా?

ప్రశ్న: రివర్సిబుల్ గేట్లు, అంటే అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌ను తిరిగి రాబట్టగలిగేవి, అయిన టోఫోలీ, సీనాట్‌లతో సిమ్యులేటర్‌లో ఫుల్ ఆడర్ (మూడు బిట్లను కూడే సర్క్యూట్) కట్టాను. సీనాట్ కంట్రోల్ తీగ 1 అయితే టార్గెట్ తీగను తిప్పేస్తుంది, టోఫోలీ రెండు కంట్రోల్ తీగలూ 1 అయితేనే తిప్పుతుంది. తీగలు ఎ, బి, సి (లోపలికొచ్చే క్యారీ), 0తో మొదలయ్యే డి. కూడిక ఫలితం సి మీద, కొత్త క్యారీ డి మీద రావాలి. ఎ=1, బి=1, సి=0 ఇస్తే క్యారీ 0 వస్తోంది. పైగా బి చివర్లో మారిపోయి, అక్కర్లేని చెత్త బిట్‌గా మిగులుతోంది. దాన్ని 0కి రీసెట్ చేసేస్తే పోదా?

జవాబు: రీసెట్ వద్దండి. విలువ తెలియని బిట్‌ను చెరిపితే 300 కెల్విన్ దగ్గర కనీసం 2.87 × 10⁻²¹ జౌళ్ల వేడి బయటికి పోవాల్సిందే. 1961లో భౌతిక శాస్త్రవేత్త రాల్ఫ్ లాండౌవర్ చూపిన హద్దు అది. అంతకన్నా ముందు, వెనక్కి వెళ్లే దారే మూసుకుపోతుంది.

క్యారీ తప్పడానికి కారణం వరుస. ఎ→బి సీనాట్ ముందే పెట్టి ఉంటారు. అప్పుడు బి 0 అయిపోయి, టోఫోలీకి పని ఉండదు. సరైన వరుస ఇది: టోఫోలీ (ఎ, బి → డి), సీనాట్ (ఎ → బి), టోఫోలీ (బి, సి → డి), సీనాట్ (బి → సి). చివర ఇంకోసారి సీనాట్ (ఎ → బి) పెడితే బి మొదటి విలువకే తిరిగొస్తుంది. చెత్త లేదు.

నాలుగు బిట్ల సంఖ్యలను కూడాలంటే ఒక మెట్టు డి తర్వాతి మెట్టుకు సి అవుతుంది. 0తో మొదలయ్యే తీగలు మొత్తం ఐదు చాలు.

ఇంకొకరు: కంట్రోల్, టార్గెట్ ఒకే తీగ కాకుండా కోడ్‌లో అడ్డు పెట్టండి. ఒక తీగను దానితోనే ఎక్సార్ చేస్తే (సీనాట్ చేసే పని అదే) ఎప్పుడూ 0 వస్తుంది, అంటే అది చెరపడమే, ఏ హెచ్చరికా రాదు. నాలుగు తీగల 16 ఇన్‌పుట్లకు 16 వేర్వేరు అవుట్‌పుట్లు వస్తున్నాయా అని చూస్తే దొరికిపోతుంది.

ప్రశ్న: ఇంత తేలిగ్గా చెత్త పోని ఫంక్షన్లకు?

జవాబు: 1973లో భౌతిక శాస్త్రవేత్త చార్లెస్ బెనెట్ చెప్పిన పద్ధతి ఉంది. లెక్క చేయండి, జవాబును ఖాళీ తీగల మీదికి సీనాట్‌తో కాపీ చేయండి, తర్వాత లెక్కలోని గేట్లనే తలకిందుల వరుసలో నడపండి. గేట్లు రెట్టింపు, మధ్య ఫలితాలకు జాగా కావాలి. కాపీ తీగలు 0తో మొదలవ్వాలి, వెనక్కి నడిపేటప్పుడు వాటిని తాకకూడదు.

ప్రశ్న: మరి చిప్‌లో కరెంటు ఆదా అవుతుందా?

జవాబు: లాజిక్ ఒక్కటే రివర్సిబుల్ అయితే ఏమీ ఆదా కాదు. 10 ఫెమ్టోఫారడ్ల కెపాసిటర్‌ను 1 వోల్ట్‌కు ఒక్కసారిగా ఛార్జ్ చేస్తే 5 ఫెమ్టోజౌళ్లు వేడిగా పోతాయి. లాండౌవర్ హద్దు దాని ముందు లెక్కలోకే రాదు. అదే వోల్టేజిని 10 నానోసెకన్లలో మెల్లగా పెంచితే, రెసిస్టెన్స్ 10 కిలో ఓమ్‌లైనప్పుడు, నష్టం సుమారు 0.1 ఫెమ్టోజౌల్. మరీ మెల్లగా పెంచితే లీకేజీ కరెంటు వల్ల పోయే శక్తి పెరిగి మొత్తం నష్టం మళ్లీ ఎక్కువవుతుంది. దించేటప్పుడు ఛార్జ్‌ను వెనక్కి తీసుకునే సప్లై, మామూలుగా రెజొనెంట్ సర్క్యూట్ (శక్తిని అటూ ఇటూ ఊపేది), లేకపోతే ఇదంతా దండగే. దారిలో డయోడ్ పెట్టకండి. దాని వోల్టేజ్ డ్రాప్ వల్ల పోయే శక్తి ఎంత మెల్లగా నడిపినా తగ్గదు.

ఇంకొకరు: కణంలో ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ (డీఎన్‌ఏను చూసి ఆర్‌ఎన్‌ఏ గొలుసు కట్టే ఎంజైమ్) పనితీరూ ఇలా వెనక్కి నడపగలిగేదే. గొలుసులో అక్షరాలైన న్యూక్లియోటైడ్ల సాంద్రత ఎక్కువగా ఉంటే ముందుకు నడుస్తుంది. అక్షరం చేర్చినప్పుడు విడుదలయ్యే పైరోఫాస్ఫేట్ బాగా పెరిగితే వెనక్కి నడిచి, తను చేర్చిన అక్షరాలను తనే ఊడదీస్తుంది.