‘నవ్వు రాజిల్లెడు మోము’: రాజిల్లేది నవ్వా, మోమా?

ప్రశ్న అడిగినవారు:
రంగుల దీపాలతో తీసే బ్యూటీ పోర్ట్రెయిట్ల మీద ఒక వ్యాసం రాస్తున్నాను. నల్లని మేనిచాయ గల ముఖానికి లైటింగ్ చేసే పద్ధతిని వివరించే చోట పోతన భాగవతం దశమస్కంధంలో, కనబడని కృష్ణుని గురించి గోపికలు మల్లెలను అడిగే ‘నల్లనివాడు’ పద్యంలోని మాట ఒకటి పదే పదే గుర్తుకు వస్తున్నది: ‘నవ్వు రాజిల్లెడి మోమువాడొకడు’. అది ‘రాజిల్లెడి’యా, ‘రాజిల్లెడు’నా? అంతకంటె ముఖ్యంగా, అక్కడ రాజిల్లుతున్నది నవ్వా, మోమా? బయటినుండి మనం వేసిన వెలుగును ఈ మాటతో చెప్పవచ్చునా?

ఛందస్సు అభిమాని:
నేను చదువుకున్న పాఠం ‘రాజిల్లెడు’. ఎడి, ఎడు రెండూ కావ్యభాషలో ఉన్నవే. ‘డి’ అయినా ‘డు’ అయినా లఘువే కనుక ఉత్పలమాల నడక చెదరదు. ప్రాస ‘ల్ల’ మీద, యతి ‘జి–చె’ల మీద ఉన్నవి కనుక అవీ తీర్పు చెప్పవు. అయితే పై పాదం ‘జల్లెడువాడు’ అని మొదలవుతుంది, ‘రాజిల్లెడు’లోని ‘రా’ ఆ పై పాదం చివరనే పడటంతో ఈ పాదం ‘జిల్లెడు మోమువాడు’ అని మొదలవుతుంది. పాదాల మొదట వరుసగా పడిన ఆ ‘జల్లెడు – జిల్లెడు’ జంటను పోతన చెవి వదులుకుంటుందని నేను అనుకోను.

వ్యాకరణం వైపునుండి మరొకరు:
చెవి సాక్ష్యం బలమైనదే గాని, అసలు ప్రశ్న అర్థానిది. ‘పూలు పూచే కొమ్మ’లో పూచేవి పూలే అయినట్లు, ఇక్కడ రాజిల్లేది నవ్వే; మోము దానికి చోటు మాత్రమే. ‘నవ్వుచేత రాజిల్లెడు మోము’ అని తృతీయను ఊహించుకునేవారున్నారు, కానీ లేని విభక్తిని తెచ్చిపెట్టవలసిన అవసరం నాకు కనబడదు. పైగా రాజిల్లు అకర్మకం. మీరు దీపం వేస్తే మోమును రాజిల్లజేశారని చెప్పాలి.

స్టూడియోలో పనిచేసేవారు:
వ్యాకరణం చెప్పినదానికి నా పనిలో ఆధారం ఉన్నది. నల్లని చర్మం తనమీద పడిన కాంతిలో చాలా భాగాన్ని పీల్చుకుంటుంది కనుక, ముఖపు ఎత్తుపల్లాలను ప్రధానంగా పట్టి ఇచ్చేది పైపొర మీదినుండి తిరిగివచ్చే మెరుపు. ఆ మెరుపు చర్మం రంగును పుచ్చుకోదు, దీపం రంగునే తెస్తుంది. చెంప పక్కన కొంచెం వెనుకగా వెలుగును మెత్తబరిచే సాఫ్ట్‌బాక్స్ పెట్టి నీలి జెల్ (దీపం ముందు పెట్టే రంగు పొర) తొడిగితే చెంప ఎముక మీద, దవడ అంచున నీలిగీత తేటగా దిగుతుంది. అదే జెల్‌ను ఎదురుగా పెట్టి, దానిమీదనే తెల్లని బ్యూటీ డిష్ (గిన్నెవంటి దీపపు తొడుగు) వెలుగును పడనిస్తే ఆ రంగు వెలిసిపోతుంది. ఇక నవ్వు సంగతి. నవ్వినప్పుడు చెంప పైకి లేచి దీపానికి మరో కోణంలో తిరుగుతుంది, అంతకుముందు మెరుపు లేని చోట మెరుపు పుడుతుంది. దీపం కదలలేదు, కెమెరా కదలలేదు. నవ్వు మాత్రమే వచ్చింది. అందుచేత రాజిల్లేది నవ్వే.

ఛందస్సు అభిమాని:
మీరు చెప్పిన కోణం చాలా బాగున్నది, కానీ కవిసమయంలో, అంటే కవుల ఆనవాయితీలో, నవ్వు తెలుపు. ‘నల్లనివాడు’ అని ఎత్తుకున్న కవి ఆ నలుపు మీద నవ్వుల తెలుపును ఉంచి, చివరకు తెల్లని మల్లెలనే ‘చెప్పరే’ అని అడిగించాడు. పద్యమంతా నలుపు తెలుపుల మీద నడుస్తుంటే మధ్యలో నీలిజెల్‌కు చోటెక్కడ?

స్టూడియోలో పనిచేసేవారు:
‘మౌళిపరిసర్పితపింఛము’ను, అంటే తలమీద కదలాడే నెమలిపింఛాన్ని, వదిలివేశారు. నెమలిపింఛపు నీలాలు, పచ్చలు వర్ణద్రవ్యం వలన గాక ఈక సూక్ష్మనిర్మాణం వలన పుట్టినవి, చూసే కోణాన్ని బట్టి మారుతాయి. తలపైన రంగు, ముఖాన తెలుపు: రంగును జుట్టు అంచుకు పరిమితం చేసి ముఖానికి తెల్లని కీ లైట్ (ప్రధాన దీపం) ఇచ్చే మా పద్ధతి ఇదే. పోతన కన్ను ఎంత నిశితమో ఈ ఒక్క సమాసం చాలు.

వ్యాకరణం వైపునుండి మరొకరు:
పింఛం ముఖం మీద రంగు వేసినట్లు పద్యంలో లేదు. ‘పరిసర్పిత’ అన్నది దాని కదలికను చెబుతున్నది, కాంతిని కాదు. నాకు ఈ పద్యంలో అన్నిటికంటె ఇష్టమైనది ‘కృపారసంబు పైఁ జల్లెడువాడు’. దయను చూపు మీదుగా చల్లించిన ఆ క్రియ ముందు వెలుగు, రంగు వెనుకబడతాయి.

ప్రశ్న అడిగినవారు:
‘జల్లెడు’ మాట నా వ్యాసానికి కూడా పనికివస్తుంది, ఎందుకంటే డిఫ్యూజర్ (వెలుగును చెదరగొట్టే తెర) గుండా వచ్చే వెలుగు చల్లినట్లే పడుతుంది. కానీ నవ్వు తెలుపే అయితే, ఎర్రజెల్ కింద తీసిన చిత్రానికి ఈ పాదం పెట్టవచ్చునా? ఎర్రని వెలుగులో పెదవుల ఎరుపు చర్మంలో కలిసిపోయి నవ్వు గీతే పలచబడుతుంది.

ఛందస్సు అభిమాని:
పెట్టకండి. నవ్వు కనబడని చోట ‘రాజిల్లెడు’ నిలవదు.

స్టూడియోలో పనిచేసేవారు:
నేను పెడతాను. పెదవి గీత పోయినా పలువరుస ఆ వెలుగును తిప్పి పంపుతుంది, ఎర్రగానైనా సరే. ‘డి’ పాఠాన్ని పాత ముద్రణలో చూసినవారెవరైనా ఉంటే ముందు దాని సంగతి చెప్పండి.