పద్యనాటకానికి అందని గొంతు ఒపేరాకు పనికివస్తుందా?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

మా మేనల్లుడికి ఇరవై ఒక్క ఏళ్లు. బరంపురంలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాడు. మా ఊళ్లో పద్యనాటకం వేసినప్పుడల్లా వేషం అడగడానికి వెళ్తాడు. హార్మోనియం మాస్టారు ఐదో శ్రుతి పెట్టి అందుకోమనగానే తారస్థాయిలో గొంతు చీలిపోతుంది. చివరకు పద్యం లేని ద్వారపాలకుడి వేషమే దక్కుతుంది. నిరుడు క్రిస్మస్‌కు స్నేహితుడి వెంట చర్చికి వెళ్లి క్వయర్‌లో (బృందగానంలో) కింది స్థాయిలో పాడేవారితో కలిసి పాడితే, కీబోర్డు వాయించే ఆయన విని, ఇది చక్కని బారిటోన్ (మగ గొంతుల్లో మరీ పైదీ, మరీ కిందిదీ కాని నడిమి రకం) గొంతు అన్నారట. అప్పటినుంచి రాత్రిళ్లు ఫోనులో ఒపేరాలే (కథంతా పాటల్లో నడిచే పాశ్చాత్య సంగీత నాటకాలు) చూస్తున్నాడు. మా అక్క మాత్రం బి.ఎడ్. చేయమంటున్నది. ఈ విద్యతో బతకవచ్చునా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (బరంపురం నుంచి)

అయ్యా, ముందుగా ఆ ఐదో శ్రుతి సంగతి. ఆ శ్రుతిలో తారషడ్జం (పై ‘స’) ఎక్కడ పడుతుందో, ఒపేరా బారిటోన్ గొంతుకు పై అంచు దాదాపు అక్కడే ఉంటుంది. ఇటలీ సంగీతకర్త వెర్ది 1851లో వెనిస్‌లో ప్రదర్శించిన ‘రిగొలెట్టో’ ఒపేరాలో నాయకుడికి ఆ ఎత్తు స్వరాలు పెట్టాడు గనుకనే ఆ పాత్ర అంత కష్టమని పేరు పడింది. మన పద్యం అక్కడ ఆగదు, ఆ పైన పంచమం (‘ప’) దాకా వెళ్తుంది. కాబట్టి చీలిపోయింది గొంతులో లోపంవల్ల కాదు, శ్రుతి వాడిది కాకపోవడంవల్ల. ఇకమీదట దాన్ని అందుకోవాలని అరిచి గొంతు పాడుచేసుకోవద్దని గట్టిగా చెప్పండి.

జవాబు 2 (జయపురం వాడిని, ప్రస్తుతం జర్మనీలో ఉద్యోగం)

నేను గాయకుణ్ణి కాను, టికెట్టు కొనుక్కుని వెనక వరుసలో కూర్చునేవాణ్ణి. అయితే ఇక్కడి పద్ధతి దగ్గరనుంచి చూశాను. జర్మనీలో ప్రభుత్వ ధనంతో నడిచే ఒపేరా థియేటర్లు సుమారు 80 ఉన్నాయి. వాటిలో చాలావరకు నాటక సమాజం మాదిరిగా సొంత గాయకులను నెలజీతం మీద పెట్టుకుంటాయి. కొత్తగా వచ్చిన బారిటోన్‌కు తొలి ఏడాది దూతగానో, సేవకుడిగానో రెండు మూడు వాక్యాల పాత్రలే దొరుకుతాయి. (ద్వారపాలకుడి అనుభవం వృథా పోదు లెండి.) తరువాత మోజార్ట్ 1791లో రాసిన ‘మాయావేణువు’లోని పక్షులు పట్టే పాపగేనో వంటి పాత్ర వస్తుంది. దాన్ని మొదట పాడినవాడు ఆ ఒపేరాకు మాటలు రాసిన షికనేడరే. ఆయన ప్రధానంగా నటుడు కనుక అందులో గొంతు బలం కన్నా హాస్యం, స్పష్టమైన ఉచ్చారణ ఎక్కువ కావాలి. రోసినీ అనే మరో సంగీతకర్త ఒపేరా ‘సెవిల్ మంగలి’లోని ఫిగరో కూడా కుర్ర బారిటోన్లు పాడేదే. వెర్ది రాసిన బరువైన పాత్రలను మాత్రం ముప్పై దాటి గొంతు ముదిరాక గాని తలకెత్తుకోరు. తొందరపడి ముందే ఎత్తుకున్నవారి గొంతు నలభైకే అరిగిపోతుంది.

మైకు ఉండదు. అరవై మంది వాద్యకారులను దాటి గొంతు వినిపించాలంటే బలం ఒక్కటీ చాలదు. ఆర్కెస్ట్రా మోత 500 హెర్ట్జ్ (ధ్వని ఎత్తుకు కొలత) దగ్గర ఎక్కువగా ఉంటుంది. శిక్షణ పొందిన గొంతులో 3000 హెర్ట్జ్ దరిదాపుల్లో ధ్వనికి ఒక మెరుపు పుడుతుంది, దానివల్లే వెనక వరుసలో ఉన్న నాకు మాట తెలుస్తుంది. అది రావడానికి ఏళ్లు పడుతుంది.

ఊరు చిన్నదని దిగులు అక్కరలేదు. పేరుపొందిన రష్యన్ బారిటోన్ ద్మిత్రి హ్వొరొస్తోవ్‌స్కీ సైబీరియాలోని క్రాస్నోయార్స్క్‌లో పుట్టి, అక్కడే చదువుకొని, అక్కడి థియేటర్‌లోనే పాడుతూ 1989లో బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో జరిగే అంతర్జాతీయ గాయకుల పోటీ గెలిచాడు. అప్పటికి అతనికి 26 ఏళ్లు. ఖర్చు సంగతికి వస్తే, ఇక్కడి ప్రభుత్వ సంగీత విద్యాలయాల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం మనవంటి యూరోపు బయటివారు సెమిస్టరుకు 1500 యూరోలు కట్టాలి. ఇంటి అద్దె, తిండి వేరు. అన్నిటికన్నా ముందు ప్రవేశ పరీక్షలో నెగ్గాలి, జర్మన్ రావాలి, ఇటాలియన్ పలకాలి.

జవాబు 3 (రాయగడ నుంచి)

మీరంతా కుర్రవాణ్ణి అప్పుడే విమానం ఎక్కించేస్తున్నారు. ముందు మద్రాసు మెయిలు ఎక్కనివ్వండి. రెహమాన్ గారు 2008లో స్థాపించిన సంగీత విద్యాలయం చెన్నైలోనే ఉంది, అక్కడ పాశ్చాత్య గాత్రం నేర్పుతారు. ఒక గురువు ఆర్నెల్లు విని చెప్పిన మాటకున్న విలువ మన ఊహలకు ఉండదు. బి.ఎడ్. కూడా చేయనివ్వండి. ఇరవై ఒకటో ఏట బారిటోన్ ఇంకా పసివాడే అని మీరే అంటున్నారు కదా, రెండేళ్లలో కొంప మునిగిపోదు. మంద్రస్థాయి గొంతుకు మన సంగీతంలో చోటు లేదన్నట్లు మాట్లాడటం కూడా సరికాదు. కర్ణాటక సంగీత గాయకుడు ఎం. డి. రామనాథన్ అంత కింది శ్రుతిలోనే పాడి పెద్ద విద్వాంసుడు అనిపించుకున్నారు.

అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మొదటి జవాబును హార్మోనియం మాస్టారికి చదివి వినిపించాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తరువాత వాణ్ణి పిలిపించి బాగా కిందికి, ఒకటిన్నర శ్రుతి పెట్టి అదే పద్యం పాడించారు. రాగాలాపన చివర వాడు కిందికి దిగుతుంటే వరండాలో బీడీలు చుట్టుకుంటున్నవారు పని ఆపి చూశారు. ఆ శ్రుతికి సరిపడే పెద్ద మూతి తబలా తన దగ్గర లేదని తబలా ఆయన మాత్రం గొణిగారు. పరీక్షలు కాగానే చెన్నై తీసుకువెళ్తున్నాను. బి.ఎడ్. దరఖాస్తు కూడా పెట్టించాం.