ఎత్తుకు పరిమితి లేని హైదరాబాదులో మధ్యతరగతికి ఇల్లెందుకు అందడం లేదు?

మణికొండ అద్దెదారు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. పదకొండేళ్లుగా మణికొండలో అద్దెకు ఉంటున్నాము. ఈసారి యజమాని అద్దె బాగా పెంచి, కుదరకపోతే రెండు నెలల్లో ఖాళీ చేయమనడంతో సొంత ఇల్లు చూసుకుందామని నాలుగు నెలలుగా ప్రతి ఆదివారం సైట్ల చుట్టూ తిరుగుతున్నాము. నా ప్రశ్న ఏ వెంచరు మంచిదని కాదు. ముంబయి వంటి నగరాల్లో ఇళ్ల కొరత గురించి మాట్లాడేవారు మొదట ఎఫ్.ఎస్.ఐ.ని, అంటే స్థలానికి ఎన్ని రెట్ల విస్తీర్ణం కట్టవచ్చన్న పరిమితిని తప్పుపడతారు. హైదరాబాదులో ఆ పరిమితిని 2006లో జీవో 86తోనే తీసేశారు. 2012 నాటి జీవో 168 కూడా రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ, అగ్నిమాపక నిబంధనలు చూసి ఎత్తును నిర్ణయించిందే తప్ప ఎఫ్.ఎస్.ఐ.ని మళ్లీ తేలేదు. కోకాపేట వైపు యాభై అంతస్తులు దాటిన టవర్లు కళ్ల ముందే లేచాయి.

అయినా, భార్యాభర్తలిద్దరం ఉద్యోగాలు చేస్తున్న మాకు ఆఫీసుకు గంట దూరంలో రెండు పడక గదుల ఇల్లు అందడం లేదు. మా బావమరిది ఇంకా కడితే ధర దానంతట అదే దిగుతుందంటాడు. మా నాన్నగారేమో కట్టేకొద్దీ పెరుగుతూనే ఉంది కదరా అంటారు. ఇద్దరిలో ఎవరి మాట నిజం?

నిజాంపేట చిన్న బిల్డరు:

ఇద్దరిదీ సగం సగం నిజమేనండి. ఇరవయ్యేళ్లుగా స్టిల్టు మీద ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లు కడుతున్నవాడిగా ఒక లెక్క చెబుతాను. ఇందులోని రేట్లు ఉదాహరణకే కాబట్టి మీ ప్రాంతం రేటు వేసుకొని చూసుకోండి.

1000 గజాల స్థలంలో చుట్టూ సెట్‌బ్యాక్ వదిలి, అంతస్తుకు నాలుగు చొప్పున 1100 చదరపు అడుగుల ఫ్లాట్లు 20 కట్టామనుకోండి. గజం లక్ష రూపాయలైతే స్థలం విలువ 10 కోట్లు, అంటే ఒక్కో ఫ్లాటు మీద 50 లక్షలు. చదరపు అడుగుకు 2500 ఖర్చయితే కట్టడానికి పట్టేది 27.5 లక్షలు. ఇనుము, సిమెంటు, మేస్త్రి కూలీ అన్నీ కలిపినా కింద ఉన్న మట్టి ఖరీదుకు చాలా తక్కువన్నమాట. మేము సాధారణంగా స్థలం కొనము, డెవలప్‌మెంట్‌కు తీసుకుంటాము, అంటే స్థలానికి బదులు యజమానికి ఫ్లాట్లలో వాటా ఇస్తాము. సగం సగం ఒప్పందమైతే యజమానికి పది ఫ్లాట్లు పోతాయి, ఇరవై ఫ్లాట్ల నిర్మాణ ఖర్చు నా పది ఫ్లాట్ల మీద పడుతుంది, అంటే ఒక్కోదానిపై 55 లక్షలు. దానిమీద వడ్డీ, అనుమతుల ఫీజులు, నా లాభం. కొనేవారికి ఇవి కాక రిజిస్ట్రేషను ఖర్చు 7.5 శాతం.

ఇక మీ బావమరిది మాట. ఐదుకు బదులు పది అంతస్తులు వేస్తే ఒక్కో ఫ్లాటుకు వచ్చే భూమి సగమై ధర తగ్గాలి. తగ్గదు. ఇక్కడ పది లేస్తాయని తెలిసిన మరుక్షణం యజమాని గజం రేటు పెంచుతాడు, లేదా సగం వాటా బదులు అరవై శాతం అడుగుతాడు. ఎత్తుకు హద్దు లేదన్న సంగతి అందరికంటే ముందు భూమి ధరలోకే ఎక్కేసింది. ప్రభుత్వాన్ని కూడా ఇందులో భూయజమానిగానే చూడాలి. 2023 ఆగస్టులో హెచ్.ఎం.డి.ఏ., అంటే హైదరాబాదు మహానగర అభివృద్ధి సంస్థ, కోకాపేట నియోపోలిస్ ప్లాట్లను వేలం వేసినప్పుడు కనీస ధర ఎకరం 35 కోట్లుగా పెడితే, ఒక ప్లాటుకు ఎకరం 100.75 కోట్లు పలికింది. ఆ రేటుకు కొన్నవాడు మీకూ నాకూ రెండు గదుల ఇల్లు కట్టడు. మర్నాటి నుంచి చుట్టుపక్కల గ్రామాల్లో ప్రతి రైతూ ఆ అంకెనే చెబుతాడు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే చెబుతాను.

చిన్న ఇళ్లు ఎందుకు కట్టరని కూడా అడుగుతారు. జీఎస్టీ తక్కువగా 1 శాతమే పడాలంటే ఇంటి ధర 45 లక్షలు, మెట్రో నగరమైతే కార్పెట్ విస్తీర్ణం 60 చదరపు మీటర్లు దాటకూడదు. ఈ హద్దులు పెట్టింది 2019లో. పై లెక్కలో భూమికే 50 లక్షలు పోయాక ఆ 45 లక్షల్లో ఇమిడేది ఏముంటుంది?

పాత అల్వాల్ కాపురస్తుడు:

బిల్డరు గారి లెక్క బాగుంది కానీ అందులో నీళ్లు లేవు, మురుగు లేదు. మా వీధిలో ఇళ్లన్నీ 200, 300 గజాలవి. ముప్పై ఏళ్ల కిందట మేము కట్టుకున్నప్పుడు ఇంటికొక కుటుంబం ఉండేది, డ్రైనేజీ పైపు కూడా ఆ లెక్కకే వేశారు. ఇప్పుడు ఒక్కో స్థలంలో ఎనిమిది, పది కుటుంబాలు ఉంటున్నాయి, అనుమతి పత్రంలో లేని పెంట్‌హౌసు దీనికి అదనం. పైపు మాత్రం అదే. మార్చి దాటితే బోర్లు ఎండిపోయి, ఉదయం ఆరుకే ట్యాంకర్ల హారన్లతో మెలకువ వస్తుంది. మేము ఎవరినీ రావద్దనడం లేదు. మా పిల్లలూ మరో ఊళ్లో అద్దెకే ఉంటున్నారు. అయితే అనుమతి ఇచ్చేటప్పుడు వసూలు చేసే ఫీజులో ఎంత భాగం ఈ వీధి భూమిలోకి పైపుగా తిరిగి వస్తుందో ఎవరైనా చెబుతారా?

ఇంకొక మాట. స్థలాలు చాలవు కాబట్టి 111 జీవో పరిధిని తెరవాలనే వాదన తరచూ వింటున్నాము. 1908 మూసీ వరదల తరువాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ జలాశయాల రక్షణ కోసం 1996లో ఆ జీవోతోనే 84 గ్రామాల్లో, లక్షా 32 వేల ఎకరాలలో నిర్మాణాలపై ఆంక్షలు పెట్టారు. 2022లో ప్రభుత్వం వాటిని సడలిస్తూ జీవో 69 ఇచ్చింది. అక్కడ వచ్చేవి విల్లాలూ ఫాంహౌసులే కానీ మణికొండ గారు వెతుకుతున్న ఇల్లు కాదని నా గట్టి నమ్మకం.

ఆక్లాండ్ తెలుగు:

ఉద్యోగరీత్యా న్యూజిలాండ్‌లో ఉంటున్నాను, ఇక్కడ జరిగిన మార్పును దగ్గరగా చూశాను కాబట్టి రాస్తున్నాను. ఆక్లాండ్‌లో 2016లో కొత్త ప్రణాళిక అమలుచేసి, నివాస భూమిలో దాదాపు నాలుగింట మూడు వంతుల మేర ఒక్క ఇల్లుండే స్థలంలో మూడు నాలుగు ఇళ్లు కట్టుకునే వీలు కల్పించారు. తరువాతి ఏళ్లలో అనుమతులు బాగా పెరిగాయి. ఆ మార్పే రాకుంటే అద్దెలు ఇప్పటికన్నా ఎక్కువగా ఉండేవని ఇక్కడి విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. గమనించవలసిందేమిటంటే వచ్చినవి ఆకాశాన్నంటే టవర్లు కావు, ఒకదానికొకటి ఆనుకున్న రెండంతస్తుల టౌన్‌హౌసులు. అనుమతి ఒక మూలకు కాక ఊరంతటికీ ఒకేసారి వచ్చింది కనుక ఏ ఒక్క భూయజమానీ తన స్థలం ప్రత్యేకమని బిగబట్టుకోలేకపోయాడు. హైదరాబాదులో అనుమతి ఊరంతా ఉన్నా, ఎత్తు రోడ్డు వెడల్పుతో ముడిపడి ఉంది కాబట్టి వెడల్పు రోడ్డున్న పశ్చిమాన్నే టవర్లన్నీ పోగుపడుతున్నాయని నాకు అనిపిస్తుంది. వర్షం వస్తే ఇక్కడి పాత కాలువలు కూడా పొంగుతాయి సుమండీ, అల్వాల్ గారి బాధ ఒక్క మన ఊరిదే కాదు.

లెక్కల మాస్టారు:

చర్చ అంతా కొనగలిగినవారి చుట్టూనే తిరుగుతోంది. 2012లో అమితాబ్ కుందూ అధ్యక్షతన కేంద్రం నియమించిన సాంకేతిక బృందం దేశ పట్టణాల్లో ఇళ్ల కొరతను 1 కోటి 88 లక్షలుగా లెక్కగట్టింది. అందులో 95 శాతానికి పైగా బలహీన, అల్పాదాయ వర్గాలదే. ఎక్కువ భాగం రోడ్డున పడ్డవారు కూడా కాదు, దంపతులకు విడిగా గది కూడా లేక ఇరుకింట్లో సర్దుకుంటున్నవారు. ఆ దరిదాపు కాలంలోనే, 2011 జనాభా లెక్కల ప్రకారం, పట్టణాల్లో కోటీ పది లక్షల ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. ఇల్లు కొన్నవారిలో చాలామందికి అది కాపురం కోసం కాదు, దాచుకున్న బంగారం వంటిది. అద్దె రూపంలో ఏటా వచ్చేది ధరలో రెండు మూడు శాతమే అయినప్పుడు, అద్దెదారుతో తలనొప్పి ఎందుకని తాళం వేసి ధర పెరిగేదాకా ఆగుతారు.

ప్రభుత్వం కట్టినా చిక్కు తీరదు. కొల్లూరులో 15,660 రెండు పడక గదుల ఇళ్లను 2023లో ప్రారంభించారు, ఒక్కో ఇల్లు 560 చదరపు అడుగులు. కట్టడం మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ మా వీధిలో నాలుగిళ్లలో పనిచేసే ఒకావిడకు నగరం అంచున ఇటువంటి ఇల్లే వచ్చింది. పొద్దున్నే రెండు బస్సులు మారి రావాలి, ఆలస్యమైతే ఒక ఇంటి పని పోతుంది. మూడు నెలలు చూసి, ఆ ఇంటికి తాళం వేసి, మళ్లీ మా పక్క బస్తీలో రేకుల గదికి అద్దె కడుతోంది. రేపటి లెక్కల్లో ఆమె ఇల్లు ఖాళీ ఇళ్ల జాబితాలోనూ, ఆమె కుటుంబం కొరత జాబితాలోనూ చేరుతుంది.

మణికొండ అద్దెదారు:

అందరికీ కృతజ్ఞతలు. నేను ధర అనుకుంటున్నది చాలావరకు భూమి ధర అని ఇప్పుడు తెలిసింది. బిల్డరు గారూ, అలాంటప్పుడు మాలాంటివారు పాత అపార్ట్‌మెంటులో పదిహేనేళ్ల ఫ్లాటు కొనడం మేలా?

నిజాంపేట చిన్న బిల్డరు:

మేలే, కానీ పత్రంలో యు.డి.ఎస్., అంటే ఫ్లాటుతో పాటు భూమిలో మీకు వచ్చే విడదీయని వాటా, ఎన్ని గజాలో చూడండి. పాత ఐదంతస్తుల్లో 45, 50 గజాలు వస్తే, టవర్లలో అందులో సగం కూడా రాకపోవచ్చు. ఫ్లాటు గోడలు పాతబడతాయి, గజాలు పాతబడవు. అల్వాల్ గారూ, మీరూ ఒక మాట చెప్పాలి. మీ 300 గజాల్లో పైన రెండు చిన్న పోర్షన్లు వేసి అద్దెకివ్వడానికి మీకు అభ్యంతరమా?

పాత అల్వాల్ కాపురస్తుడు:

అభ్యంతరం ఎందుకుంటుంది? పింఛనుకు తోడవుతుంది. ముందు వీధిలో ఆ పైపు మార్పించండి, మర్నాడే మేస్త్రిని పిలుస్తాను.