ఆడ లాబ్రడార్‌ను ఉచితంగా ఇవ్వవచ్చా, డబ్బు తీసుకోవాలా?

మురళీనగర్ వాసి
మా లక్కీ నాలుగేళ్ల ఆడ లాబ్రడార్. గత సంక్రాంతి తరువాత మా నాన్నగారికి పక్షవాతం వచ్చింది. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేయడం మొదలుపెట్టిన ఈ రెండు నెలల్లో, లక్కీ సంతోషం పట్టలేక మీదికి ఎగబడి ఆయనను రెండుసార్లు కింద పడేసింది. నేనూ మా ఆవిడా ఇద్దరమూ ఉద్యోగస్తులం. పగలంతా దానిని వెనుక గదిలో ఉంచి తలుపు వేయవలసి వస్తోంది. అది గోళ్లతో గీకి గీకి తలుపు అడుగుభాగంలో రంగంతా పోగొట్టి, లోపలి చెక్క బయటపెట్టింది. ఎంతో ఆలోచించిన మీదట దానికి వేరే ఇల్లు చూడాలనుకున్నాము. ఆనందపురం వైపు మామిడితోట ఉన్న ఒకాయన ఆదివారం వచ్చి తీసుకువెళ్తానంటున్నారు గానీ డబ్బు ఇవ్వనంటున్నారు. మాకు డబ్బు అక్కరలేదు. ఉచితంగా ఇస్తే దానికేమైనా ప్రమాదమా అన్నదే నా సందేహం.

ఉక్కునగరం విశ్రాంత ఉద్యోగి
దయచేసి ఉచితంగా ఇవ్వకండి. ఊరికే వచ్చినదానికి విలువ ఉండదన్నది మనుషుల స్వభావం. కనీసం ఐదు వేల రూపాయలు అడగండి. ఆ డబ్బు మీకు వద్దనుకుంటే వీధి కుక్కల వైద్యానికి ఇచ్చేయండి. ఐదు వేలు పెట్టడానికి వెనుకాడేవారు రేపు దానికి జ్వరం వస్తే వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్తారని ఏ నమ్మకంతో అనుకుంటాము? ముప్పై కిలోల కుక్కకు నెల తిండి, ఏటా టీకాలు, వేసవిలో గోమార్లకు మందు, ఇవన్నీ ఖర్చులే. ఆ మొత్తం అడిగినప్పుడు ఎదుటివారి ముఖం ఎలా మారుతుందో చూస్తే సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది.

గోపాలపట్నం
1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం పెంపుడు జంతువును వదిలేయడం నేరం. మీరు చేస్తున్నదీ అదే.

పెందుర్తి
గోపాలపట్నం గారూ, ఆ చట్టంలోని 11వ సెక్షన్ చెప్పేది సరైన కారణం లేకుండా, ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో జంతువును వదిలేయడం గురించి. చూసుకునేవారి చేతికి అప్పగించడం ఆ కిందికి రాదు. ఇంట్లో పక్షవాతం వచ్చిన పెద్దాయనను పెట్టుకుని సలహా అడిగిన మనిషిని నేరస్థుడిని చేయకండి.

ఇక ఉక్కునగరం గారి మాటను నేను ఒప్పుకోను. డబ్బు తీసుకుంటే అది అమ్మకమే అవుతుంది. నేను ఏడేళ్ల క్రితం ఒకరి దగ్గర ఒక్క రూపాయి ఇవ్వకుండా కుక్కను తెచ్చుకున్నాను. అది ఈనాటికీ మా వరండాలోనే పడుకుంటుంది. జేబులో ఐదు వేలు ఉన్నవాడిదే మంచి మనసనడం పేదవారిని అవమానించడమే.

తగరపువలస
లక్కీకి గర్భసంచి తీయించారా?

మురళీనగర్ వాసి
లేదండీ. ఒక్కసారైనా పిల్లలు పెట్టనిద్దామని ఆగాము, ఆ తరువాత కుదరలేదు. రేబీస్ టీకా మాత్రం ఏటా వేయిస్తున్నాము, కార్డు ఉంది.

పశువైద్య విద్యార్థి, గరివిడి
తగరపువలస గారు అడిగిన ప్రశ్నే ఈ చర్చలో అన్నిటికన్నా ముఖ్యమైనదని నా అభిప్రాయం. నాలుగేళ్ల ఆడ లాబ్రడార్ ఉచితంగా దొరుకుతుందంటే కుక్కపిల్లలను పుట్టించి అమ్ముకునేవారు తప్పకుండా వస్తారు. లాబ్రడార్ ఈతకు ఆరేడు పిల్లలను పెట్టడం సాధారణం, గర్భకాలం సుమారు 63 రోజులే. కాబట్టి ఐదు వేలు వారికి ఏ మాత్రం అడ్డంకి కాదు, మొదటి పిల్లను అమ్మగానే అది తిరిగి వచ్చేస్తుంది. అడ్డుకట్ట వేయగలిగేది శస్త్రచికిత్స ఒక్కటే. ముందుగా అది చేయించి, కుట్లు మానడానికి పది నుంచి పద్నాలుగు రోజులు మీ ఇంట్లోనే ఉంచుకుని, ఆ తరువాత ఇవ్వండి. ఆపరేషన్ అయిందని చెప్పగానే మాట మార్చేవారెవరో కూడా మీకు తెలిసిపోతుంది.

మామిడితోట విషయంలో మరొక మాట. కుక్క తన వేడిని ప్రధానంగా రొప్పడం ద్వారానే తగ్గించుకుంటుంది. నోటి తడి ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది. మన విశాఖ గాలిలో ఉండే తేమకు ఆ తడి త్వరగా ఆరదు. ఒత్తుబొచ్చు ఉన్న లాబ్రడార్‌ను మే నెలలో రేకుల షెడ్డు కింద కట్టేస్తే వడదెబ్బతో ప్రాణాలు పోవచ్చు. తోట ఎంత పెద్దదో కాదు, మధ్యాహ్నం అది ఎక్కడ పడుకుంటుందో అడగండి.

ఉక్కునగరం విశ్రాంత ఉద్యోగి
శస్త్రచికిత్స చేయించవలసిందే, కాదనను. అయినా డబ్బు అడగవలసిందే. రెండూ చేయడానికి అభ్యంతరమేమిటో నాకు అర్థం కావడం లేదు. పెందుర్తి గారు తాము బాగా చూసుకున్నారు కనుక అందరూ అలాగే చూసుకుంటారంటున్నారు. అంతేకాదు, డబ్బుతో పాటు కాగితం కూడా రాయించుకోవాలి. నెలకొకసారి చూడడానికి వచ్చే హక్కు, సరిగా చూసుకోకపోతే వెనక్కి తీసుకునే హక్కు అందులో స్పష్టంగా ఉండాలి.

పెందుర్తి
ఇదిగో, అసలు మాట ఇప్పుడు బయటికి వచ్చింది. మీకు కావలసింది ఐదు వేలు కాదు, ఇచ్చేసిన తరువాత కూడా పెత్తనం. దాని వల్ల ఏం జరుగుతుందో అనుభవించిన మనిషిని కనుక చెప్తున్నాను. మా కుక్కను ఇచ్చినవారు మొదటి రెండు నెలలు ప్రతి ఆదివారం వచ్చేవారు. వారి కారు చప్పుడు వినగానే అది గేటు దగ్గరకు పరుగెత్తి ఏడ్చినట్టు మూలిగేది. వారు వెళ్లిపోయాక రెండు రోజులు గిన్నె ముట్టేది కాదు, బుధవారానికి కాస్త తేరుకునేది, మళ్లీ ఆదివారం వచ్చేది. ఎనిమిదో నెలలో వారి అబ్బాయి బెంగ పెట్టుకున్నాడని, దానిని తిరిగి ఇచ్చేయమని అడిగారు. పార్వో అనే వైరస్ జబ్బు వచ్చినప్పుడు దానికి సెలైన్ ఎక్కుతుంటే మూడు రాత్రులు పక్కన కూర్చున్నది మా అమ్మ. వారి బెంగకున్న విలువ మా అమ్మ జాగారానికి లేదా? నేను ఇవ్వనన్నాను. ఈనాటికీ వారికి మేము దొంగలమే.

ఉక్కునగరం విశ్రాంత ఉద్యోగి
పెత్తనమని అంత తేలికగా అనేశారు. నేను ఇక్కడ చెప్పదలచుకోలేదు గానీ చెప్తాను. హుద్‌హుద్ తుపాను వచ్చిన 2014లో మా పెరటి గోడ కూలిపోయింది, మా జర్మన్ షెపర్డ్‌ను ఉంచడానికి చోటు లేకుండా పోయింది. సబ్బవరం వైపు తోట ఉన్న తెలిసినాయన అడిగితే ఉచితంగా ఇచ్చేశాను. నేను వెళ్తే అది బెంగ పెట్టుకుంటుందని, మీరు ఇప్పుడు చెప్తున్న కారణంతోనే, నాలుగు నెలలు అటు వెళ్లలేదు. వెళ్లేసరికి అది కొబ్బరిచెట్టుకు కట్టేసి ఉంది. మెడ చుట్టూ బొచ్చు ఊడిపోయి, గొలుసు ఒరుసుకున్న చోట పచ్చిపుండు పడి, దాని మీద ఈగలు ముసురుతున్నాయి. నన్ను చూసి లేవడానికి ప్రయత్నించింది గానీ లేవలేకపోయింది. వెనక్కి ఇవ్వమంటే ఆయన అన్న మాట: "నాకు ఇచ్చేశారు కదండీ, ఇప్పుడిది నాది." నా చేతిలో కాగితం లేదు, నేను పైసా తీసుకోలేదు, ఏ ఆధారంతో అడగను? పదిహేను రోజుల తరువాత అది పోయిందని కబురు వచ్చింది. ఐదు వేల గురించి నేను ఎందుకింత పట్టుబడుతున్నానో ఇప్పటికైనా అర్థం చేసుకోండి.

మధురవాడ
ఇద్దరి బాధా నిజమే.

పెందుర్తి
ఉక్కునగరం గారూ, మీకు జరిగినది తెలియక కటువుగా మాట్లాడాను, మన్నించండి. కానీ ఆ మనిషి మీకు ఐదు వేలు ఇచ్చి ఉన్నా ఆ గొలుసు అలాగే ఉండేది, "డబ్బు పెట్టి కొన్నాను" అని మరింత గట్టిగా అనేవాడు. తేడా వచ్చేది ఇచ్చే ముందు మీరు ఆ తోటకు వెళ్లి చూసి ఉంటేనే. లక్కీని తీసుకోవడానికి ఎవరైనా మురళీనగర్ వస్తానంటే వద్దని చెప్పి, వీరే వారింటికి వెళ్లాలి, అది కూడా మధ్యాహ్నం పూట, ముందుగా చెప్పకుండా.

మురళీనగర్ వాసి
మీరందరూ చెప్పిన మీదట నిన్న ఒంటిగంటన్నరకు ఆనందపురం వెళ్లాను. తోట బాగుంది, మనుషులు కూడా మర్యాదగానే మాట్లాడారు. మోటారు గది పక్కన నేలలో ఒక ఇనుప మేకు దిగ్గొట్టి ఉంది, దాని చుట్టూ గొలుసు పొడవు మేరకు గడ్డి మొలవని గుండ్రటి జాగా ఉంది. ఇదివరకటి కుక్క ఏమైందని అడిగితే "పోయింది" అన్నారు, ఎలా పోయిందో చెప్పలేదు. గర్భసంచి తీయించి ఇస్తానన్నాను. మరొకసారి ఆలోచించుకుని చెప్తామన్నారు. నేను ఇవ్వదలచుకోలేదు.

సీతమ్మధారలో పిల్లలు విదేశాల్లో ఉన్న దంపతులు ఈ చర్చ చదివి నాకు సందేశం పంపారు. వారింటికీ వెళ్లాను. వారు ముందు అడిగింది ధర కాదు, అది రాత్రి ఎక్కడ పడుకుంటుందని. పదిహేను రోజులు ఉంచుకుని చూస్తామన్నారు, కుదరకపోతే నాకే తిరిగి ఇస్తామన్నారు. డబ్బు సంగతి ఇద్దరమూ ఎత్తలేదు.

ఉక్కునగరం విశ్రాంత ఉద్యోగి
సంతోషం. అయినా ఆ "తిరిగి ఇస్తాము" అన్న మాటను కాగితం మీద పెట్టించండి. పదిహేను రోజులకు కాదు, దాని జీవితకాలానికి.

పెందుర్తి
పదిహేను రోజులకైతే నేనూ సంతకం పెడతాను. జీవితకాలానికి పెట్టను, సీతమ్మధార వారిని కూడా పెట్టమని అడగవద్దంటాను. మురళీనగర్ గారూ, మొదటి నెల మీరు చూడడానికి వెళ్లకండి, ఫోటోలు పంపమని అడగండి చాలు. దాని దుప్పటిని మాత్రం ఉతకకుండా అలాగే ఇవ్వండి. కొత్త ఇంట్లో దానికి తెలిసిన వాసన అదొక్కటే.

మురళీనగర్ వాసి
శస్త్రచికిత్సకు గురువారం ఉదయం రమ్మన్నారు. బుధవారం రాత్రి నుంచి ఏమీ తినిపించవద్దన్నారు. దుప్పటి విషయం మా ఆవిడకు చెప్పాను. కాగితం గురించి వారితో ఇంకా మాట్లాడలేదు.