వాసాలోపెట్ 90 కి.మీ. మొదటిసారి: వ్యాక్స్ స్కీలా, స్కిన్ స్కీలా?

లేతమంచు (ప్రశ్న):
స్వీడన్‌లో జరిగే 90 కి.మీ. స్కీ రేసు వాసాలోపెట్‌కి వచ్చే మార్చికి పేరు ఇచ్చాను. ఎత్తు 172 సెం.మీ., బరువు 74 కిలోలు. క్లాసిక్ పద్ధతిలో (రెండు స్కీలూ సమాంతరంగా ట్రాక్‌లో జారుస్తూ) 30 కి.మీ. వరకు ఇబ్బంది లేదు, అంతకు మించి పోలేదు. గ్రిప్ వ్యాక్స్ (వెనక్కి జారకుండా పట్టు ఇచ్చే మైనం) పూసుకునే స్కీలు తీసుకోవాలా, స్కిన్ స్కీలు (అడుగున పట్టు కోసం వెంట్రుకల పట్టీ ఉన్నవి) సరిపోతాయా? పోల్స్ (చేతికర్రలు) ఎంత పొడవుండాలి? గడువు దాటిపోయి ఆగిపోయేవాళ్ళు అసలు ఎక్కడ వెనకబడతారు?

ఎనిమిదిపొరలు:
చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, మిగతా రెండింటికీ జవాబు దాన్నిబట్టే ఉంటుంది.

ఉదయం 8కి సేలెన్ దగ్గర అందరూ ఒకేసారి కదులుతారు. పాత రేసు టైమింగ్ లేనివాళ్ళని చివరి గ్రూపులో నిలబెడతారు. మొదలైన కాసేపటికే సుమారు 3 కి.మీ. ఎక్కుడు వస్తుంది. వేలమంది ఒకే దారికి ఎగబడటంతో వెనక గ్రూపులు అక్కడ నడవడం కంటే నిలబడటమే ఎక్కువ, గంట దాకా పోవచ్చు. ముగింపు ఊరు మోరా చేరడానికి ఉన్నది సుమారు 12 గంటలు. అంటే ఆగే సమయంతో కలిపి గంటకి 7.5 కి.మీ. ఆ కొండ దగ్గర గంట పోతే మిగతా దూరమంతా గంటకి 8 కి.మీ. లెక్కన పోవాలి. ప్రతి చెక్‌పాయింట్‌కీ విడిగా గడువుంది. టైమ్ అయిపోగానే తాడు కట్టేస్తారు, తర్వాత బస్సే.

చెక్‌పాయింట్లు (మొదలు నుంచి కి.మీ.): స్మోగన్ 11, మోంగ్స్‌బోదార్నా 24, రిస్‌బెర్గ్ 35, ఎవర్ట్స్‌బెర్గ్ 47, ఆక్స్‌బెర్గ్ 62, హోక్‌బెర్గ్ 71, ఎల్‌డ్రిస్ 81. ఆ ఏడాది గడువులు కాగితం మీద రాసి పోల్‌కి టేప్‌తో అంటించుకోండి. ఒక్కో చోట 10 నిమిషాలు నిలబడితే ఏడు చోట్ల 70 నిమిషాలు పోయినట్టే. చాలామందిని ముంచేది వేగం కాదు, ఈ నిలబడటమే.

ఇక స్కీలు. మొదటి 90కి నా ఓటు స్కిన్‌కే. జారుడు కాస్త తగ్గుతుంది, కానీ 60 కి.మీ. దాటాక కూడా పట్టు అలాగే ఉంటుంది. వ్యాక్స్ పట్టు పోతే ఆక్స్‌బెర్గ్ తర్వాత హోక్‌బెర్గ్ ఎక్కుడు మొత్తం చేతుల మీదే లాగాలి. ఏ రకమైనా స్కీ మీ బరువుకి సరిపోవాలి. చదునైన నేల మీద రెండు స్కీలపై సమానంగా నిలబడండి. పాదం కింద పలుచటి కాగితం మడమ నుంచి ముందుకి 30–40 సెం.మీ. సులువుగా జరగాలి. బరువంతా ఒక్క కాలి మీద వేస్తే కదలకూడదు. అప్పుడూ కదిలితే స్కీ గట్టిది, ఎంత వ్యాక్స్ పూసినా పట్టదు.

పోల్స్: అంతర్జాతీయ స్కీ సమాఖ్య (ఎఫ్ఐఎస్) నియమం ప్రకారం క్లాసిక్‌లో బూట్లతో కొలిచిన ఎత్తులో 83 శాతం మించకూడదు. మీకు 140 లేదా 142.5 చాలు. ఇంకా పొడవైనవి భుజాలు గట్టిపడ్డవాళ్ళకి.

డబుల్‌పోల్:
స్కిన్ విషయంలో పూర్తిగా ఒప్పుకోను. చలి −5 కిందికి ఉండి, మంచు పొడిగా ఉంటే సరిగ్గా పూసిన వ్యాక్సే చాలా ముందుంటుంది. పూత పోతోందంటే చాలాసార్లు తప్పు తయారీలో ఉంటుంది. గ్రిప్ జోన్‌ని (స్కీ అడుగున పాదం కింది భాగం) 100–120 నంబరు గరుకు కాగితంతో రుద్దాలి. బైండర్ (వ్యాక్స్ ఊడకుండా పట్టే అడుగుపూత) ఒక పొర వేసి ఇస్త్రీతో కరిగించి, కార్క్ ముక్కతో రుద్ది సమం చేసి, పూర్తిగా చల్లారనివ్వాలి. తర్వాత ఆ రోజు ఉష్ణోగ్రతకి తగ్గ వ్యాక్స్ 6–8 పలుచటి పొరలు, ప్రతి పొరకీ కార్క్. రెండు మందపాటి పొరలు వేస్తే మంచు అంటుకుని స్కీ కింద ముద్దలా పెరుగుతుంది. పైపొరలు జోన్ మధ్యకే వేయండి. −1 నుంచి −7 మధ్య స్విక్స్ వి40 లాంటి నీలం వ్యాక్స్ చాలు. చిన్న కార్క్, ఒక డబ్బా జేబులో పెట్టుకుని ఎవర్ట్స్‌బెర్గ్‌లో రెండు పొరలు మళ్ళీ పూసుకోవచ్చు.

గట్టిపడి మెరిసే పాత మంచైతే క్లిస్టర్ (జిగురులాంటి వ్యాక్స్) కావాలి. చేయి తిరగనివాళ్ళు దాని జోలికి పోకుండా స్కిన్ వాడటమే మేలు, అక్కడ మాత్రం ఎనిమిదిపొరలు గారితో ఏకీభవిస్తాను. ఇంకొకటి, 2023–24 సీజన్ నుంచి ఎఫ్ఐఎస్ పోటీల్లో ఫ్లోరిన్ వ్యాక్స్‌లు నిషిద్ధం. పాత డబ్బాలు బయటికి తీయకండి.

లేతమంచు:
ఇద్దరికీ థాంక్స్ అండి. తిండి, నీళ్ళు ఎలా? నడుముకి కట్టే డ్రింక్ బెల్ట్ గొట్టం గడ్డకడుతుందని అంటున్నారు. సున్నా డిగ్రీల దగ్గర స్కిన్‌కి ఐస్ పట్టదా?

బ్లూబెరీసూప్:
ఐస్ పడుతుంది, ముఖ్యంగా తడి మంచు మీద నుంచి చల్లటి నీడలోకి వెళ్ళినప్పుడు. బయల్దేరే ముందు స్కిన్ శుభ్రం చేసి, ఐస్ పట్టకుండా వేసే ద్రవం పూసి ఆరనివ్వండి. చిన్న సీసా జేబులో ఉంచుకోండి. ట్రాక్‌లో పట్టేస్తే ట్రాక్ అంచుకి రాసి రాల్చండి, గోటితో గీకితే వెంట్రుకలు ఊడతాయి.

తిండి గంటకి 60 గ్రాముల పిండిపదార్థం లెక్కన, మొదటి 30–40 నిమిషాల్లోనే మొదలుపెట్టాలి. ఆకలి వేసేదాకా ఆగితే ఆలస్యమైపోయినట్టే. అలవాటుంటే గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కలిపి 90 దాకా పోవచ్చు, కానీ కొత్త జెల్‌ని రేసు రోజున మొదటిసారి ప్రయత్నించకండి. చెక్‌పాయింట్లలో వేడి బ్లూబెరీ సూప్, స్పోర్ట్స్ డ్రింక్, బన్‌లు దొరుకుతాయి. కప్పు చేతిలో పట్టుకుని మెల్లగా జారుతూనే తాగేయొచ్చు.

గొట్టం గడ్డకట్టకుండా గోరువెచ్చటి డ్రింక్ పోయండి. ప్రతి గుక్క తర్వాత గాలి లోపలికి ఊది ద్రవాన్ని బెల్ట్‌లోకి వెనక్కి పంపండి. మూతి దగ్గర మిగిలే చుక్కే ముందు గడ్డకడుతుంది.

రేసుకి ముందు శిక్షణలో రెండు వారాలకొకసారి 4–5 గంటల సెషన్ పెట్టండి, సగానికి పైగా డబుల్ పోలింగ్ (రెండు పోల్స్‌నీ ఒకేసారి గుచ్చి తోయడం). మంచు లేని నెలల్లో రోలర్ స్కీలు (చక్రాల స్కీలు). పోల్ పట్టీ రాపిడికి బొటనవేలు, చూపుడువేలు మధ్య బొబ్బ వస్తుంది కాబట్టి రేసు రోజు ముందే టేప్ వేయండి. మొదటి కొండ మీద గుంపులో పోల్స్‌ని వెనక్కి విసరకుండా స్కీలకి దగ్గరగా గుచ్చండి. అక్కడే ఎవరో ఒకరు తొక్కి విరుగుతాయి. దారి ఇరుకైనా స్కేటింగ్ అడుగులు (స్కీని పక్కకి తోస్తూ వేసేవి) వేయకండి, ఇది క్లాసిక్ రేసు, బయటికి పంపేస్తారు.

ఎనిమిదిపొరలు:
గుంపు అంటే భయముంటే అదే వారంలో ‘ఓపెట్ స్పోర్’ ఉంది. అదే దారి, అదే 90, అందరూ ఒకేసారి బయల్దేరాల్సిన పనిలేదు. మొదటిసారికి అది ఇంకా నయం. టికెట్ ఇప్పటికే తీసుకున్నారు కాబట్టి, ఈలోగా ఏదైనా సీడింగ్ రేసు చేయండి. మంచి టైమింగ్ వస్తే గ్రూపు ముందుకి జరుగుతుంది, కొండ దగ్గర నిలబడే సమయం అంతకంత తగ్గుతుంది.